అత్తమ్మ తెచ్చిన ఫ్యాట్ చీటీ

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టును నేను. పాపకు నాలుగో నెల వచ్చేసరికి హత్నూర దగ్గర అత్తగారింట్లో ఉన్నాను. మళ్లీ డ్యూటీలో చేరే రోజు దగ్గరపడుతోందని, పంపుతో పాలు తీసి, గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో దాచడం అలవాటు చేసుకుంటున్నాను. ఒక పొద్దున చూస్తే గ్లాసు లేదు.

బర్రెపాల క్యాన్‌తో పాటు అత్తమ్మ దాన్నీ పాలకేంద్రానికి పట్టుకెళ్లింది. తిరిగొచ్చి, అక్కడ ఫ్యాట్ కొలిచే మిషన్ ఇచ్చిన చీటీ నా చేతిలో పెట్టింది. బర్రె పాలు, ఫ్యాట్ తక్కువ, నీళ్లు కలిశాయి అని ఉంది అందులో.

“నీళ్ల లెక్కున్నయని నాకు ముందే అనుమానం. ఇగ డబ్బాపాలు తెద్దాం బిడ్డా.”

ల్యాబులో ఎన్ని శాంపిళ్లు ఫెయిల్ చేశానో! నా శాంపిల్ ఫెయిలవడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

“గది బర్రెల మిషన్ అత్తమ్మా. మనిషి పాలల్ల కొవ్వు వేరే తీరుగుంటది. కొవ్వంటే ఒక్క బండి మీద ముగ్గురు ఆమ్లాలోళ్లు కూసున్నట్టనుకో. మన పాలల్ల పామిటిక్ ఆమ్లం అనేటోడు ఎక్కువగా నడుమ కూసుంటడు. అరిగేటప్పుడు అటోడు ఇటోడు దిగుతరు, నడుమోడు బండితోనే ఒంట్లకు పోతడు. మామూలు డబ్బాపాలల్ల వాడు ఎక్కువగా పక్కలకుంటడు. దిగి, కాల్షియంతోని కలిసి సబ్బయితడు. పిల్లలకు దొడ్డికి గట్టిగొస్తది.”

“కడుపుల సబ్బా!” అత్తమ్మ నోరు తెరిచింది. కాసేపు ఆలోచించి, “మరి నడుమోడు మిషన్‌కు కనవడలేదా?” అంది.

“ఎంతున్నదో చూస్తది గని ఎట్ల కూసున్నదో చూడదు.”

“అయితే రేపు ఆఖర్న వచ్చే పాలియ్యి. బర్రెకు గూడ ఆఖరు పాలే చిక్కగుంటయ్.”

నిజమే. మొదట వచ్చేవి పలచన, చివరవి చిక్కన. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ మాట తట్టనే లేదు.

మర్నాడు ఫ్యాట్ బాగా వచ్చింది. కేంద్రం నడిపే ఆయన మెచ్చుకున్నాడట. “మంచి బర్రె. కొత్తగ కొన్నవా?”

“బర్రె కాదు, మా కోడలు.”

ఆయన మిషన్‌ను మూడుసార్లు కడిగాడట.

అంగన్‌వాడీలో తూస్తే పాప బరువు బాగానే ఉంది. ఈలోగా సంగతి ఊరంతా పాకి, ఇంకో ఇద్దరు అత్తలు స్టీలు గ్లాసులతో లైన్లో నిలబడ్డారు. వారం తిరక్కుండా కేంద్రం గోడకు కాగితం అంటించారు: ‘బర్రె, ఆవు పాలు మాత్రమే తీసుకోబడును.’

అత్తమ్మ నాతో అది చదివించుకుని చాలాసేపు బాధపడింది.

“మరి బాలింతలు యాడికి పోవాలె?”