నేను కోస్టింగ్ చేస్తానన్న ఆదివారం

కొండ మీదినుంచి పడినోళ్ళు లోకంలో చానామంది ఉంటారు. ఒక మాట మీదినుంచి పడినోడిని మాత్రం నేనొక్కడినే అనుకుంటా. ఆ మాట 'కోస్టింగ్'. నోరు జారేదానికి అర నిమిషం పట్టలేదు, దాన్ని నిలబెట్టుకునేదానికి మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సొచ్చింది. చదివి బాగా నవ్వుకోండి. నవ్వకపోతే నాకు కోపం వస్తాది, అంత కష్టపడి ఎవురూ సొంత పరువు తీసుకోరు.

ముందు బండి సంగతి చెప్పాల. దానికి ఒకటే చక్రం. హ్యాండిలు లేదు, బ్రేకు లేదు. సర్కస్‌లో చూసుంటారు గదా, అదే. కాకుంటే రాళ్ళలో, గుట్టల్లో తొక్కేదానికని లావు టైరు వేసింది. తొక్కేవాళ్ళు 'మౌంటెన్ యూనిసైకిల్' అనే పేరును కురచ చేసి దాన్ని ముద్దుగా 'ముని' అంటారు. మా అమ్మ ఆ పేరు విని, "మునులు కొండెక్కి తపస్సు చేస్తారు రా దామూ. నువ్వు కొండెక్కి కట్టు కట్టించుకోని వస్తాండావు" అనింది.

మేము ఆరుమందిమి. ఆదివారం పొద్దున్నే తిరుత్తణి దాటినాక ఒక రాళ్ళగుట్ట కాడ కలుస్తాం. మా అందరికీ పెద్ద సెల్వి అక్క. తిరునిన్రవూరులో ఆటల టీచరు, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకోని రైల్లో వస్తాది. ఆమెది తమిళం, నాది తెలుగు కలిసిన తమిళం. మీ కోసరం అంతా తెలుగులోనే చెప్తాండా.

నాకు అప్పటికి ఆరు నెలల అనుభవం. తొక్కేది సరిగా రాదు గానీ మాటలు మాత్రం దండిగా వచ్చు. ఏదీ పట్టుకోకుండా ఎక్కితే 'ఫ్రీ మౌంట్'. ఉన్న చోటే ముందుకూ వెనక్కూ ఊగతా నిలబడితే 'ఐడ్లింగ్'. ఎగిరి రాయి మీదికి పోతే 'హాప్'. అనుకోకుండా కింద పడితే దాన్ని పడడం అనగూడదు, 'యూపీడీ' అనాల. ఈ చివరిది నాకు బాగా వచ్చు. ఫోన్లో వీడియోలు చూసి ఈ మాటలన్నీ బట్టీ కొట్టి, తిరువళ్ళూరులో మా ఆఫీసు క్యాంటీన్లో కాఫీ తాగేవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడిని.

ఒక ఆదివారం నా యూపీడీకి మణికట్టు వాచిపోయింది. ఇంటికి, అంటే మణవాళనగర్‌కు, వచ్చేలోపలే అమ్మ తిరుత్తణిలో ఉండే మా బావకు ఫోన్ చేసేసింది. బావ చెరుకు రైతు, అక్కకు మొగుడు, మా ఇంటికి హైకోర్టు.

"వచ్చే ఆదివారం అమ్మను పిల్చుకోని నేను గుట్ట కాడికి వస్తా" అన్నాడు బావ. "కింద పడకుండా దిగినావా, బండి నీది. పడినావా, పాత ఇనుప కొట్టుకు వేసేస్తా. సమ్మతమేనా?"

"సమ్మతమే బావా" అన్నాను. పైకి అన్నాను గానీ లోపల ఏడుపొచ్చింది. వారమంతా కుర్చీలో కూర్చోని కంప్యూటర్ చూసేవోడికి ఆదివారం ఆ రెండు గంటలే ఊపిరి. ఆ బండి పోతే నేను పోయినట్టే.

బుధవారం సెల్వి అక్క ఫోన్ చేసింది. మిగిలినోళ్ళు గూడా లైన్లో ఉన్నారు. బావ పెట్టిన షరతు వాళ్ళకు అప్పటికే చెప్పేసినా.

"దామూ, పడగూడదంట గదా. ఆ వాలు ఎట్ల దిగుతావు?"

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాల. మా వాళ్ళకు వాలు కనపడితే చాలు, బండి ఇంజన్ ఆపేస్తారు. మా నాయన మోపెడ్ ఆపి జారేవాడు, బావ ఇప్పటికీ బుల్లెట్ ఆపి జారతాడు. పెట్రోలు మిగులు, గాలి హాయి. నేను నడక నేర్చినాక నేర్చుకున్న రెండో విద్య అదే. వీడియోలో 'కోస్టింగ్' అంటే పెడల్ మీదినుంచి కాళ్ళు తీసేసి వాలులో చక్రాన్ని దాని పాటికి వదిలేయడం అని విన్నప్పుడు, ఓహో, ఇది మన ఇంటి విద్యే గదా, అన్నిట్లోకీ సులువైంది ఇదే అనుకున్నా.

"కోస్టింగ్ చేస్తా అక్కా" అన్నాను.

లైన్లో ఉన్నోళ్ళంతా ఒకేసారి "ఆఁ!" అన్నారు. నాకు మర్యాద ఇస్తాండారని అనుకున్నా.

"నిజంగానా? కాలితో టైరును అదిమి వేగం తగ్గించకుండానే?"

"అదిమేది ఎందుకక్కా? వాలే గదా!"

"ఎన్నాళ్ళ నుంచి ప్రాక్టీసు?"

"చిన్నప్పటి నుంచే" అన్నాను. అబద్ధం గాదు, మోపెడ్ లెక్కలో నిజమే.

ఆదివారం పోయి చూస్తే ఆరుమంది ఉండాల్సిన చోట ముప్పైమంది! నా కోస్టింగ్ చూసేదానికని చెన్నై నుంచి గూడా చక్రాలు భుజాన వేసుకోని దిగినారు. కింద, చెరుకు చేను కాడ, అమ్మా బావా కుర్చీలేసుకోని కూర్చోనుండారు. నేను చెయ్యి ఊపితే బావ పైకి చూసి మీసం తిప్పినాడు.

గుట్ట పైన సెల్వి అక్క నా చెయ్యి పట్టుకుంది. "దామూ, నాకు సిగ్గుగా ఉంది. నేను రెండేండ్లుగా దీన్ని నేర్చుకుంటాండా. పదడుగులు దాటలేదు. ఈ విద్యలన్నిట్లోకీ కష్టమైంది ఇదే. నువ్వు ఇంతకాలం చెప్పనే లేదు!"

నేను వంగి నా బండి పెడల్ చూసినా. ఆరు నెలలు తొక్కినా అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. ఈ బండిలో పెడల్ చక్రానికే బిగించి ఉంటాది. చక్రం తిరిగితే పెడల్ తిరగాల్సిందే. ముందుకూ వెనక్కూ పడకుండా ఆపేది పెడల్ మీద ఉండే కాళ్ళే. ఆ కాళ్ళు తీసేసినావా, నిన్ను ఆపేదానికి ఇంకేమీ లేదు.

"అక్కా, ఈపొద్దు నడుం కొంచెం పట్టేసింది..."

"ఏం రా, దిగుతావా, ఇనుప కొట్టోడికి ఫోన్ చెయ్యమంటావా?" కింది నుంచి బావ గొంతు.

సరే, నోరు మూసుకోని మామూలుగా తొక్కతా దిగిపోదాం, పరువు పోతే పోయింది, బండి మిగలాల అనుకున్నా. మూడుసార్లు ఎక్కబోయి మూడుసార్లు జారినా. ముప్పైమందీ దాన్ని వినయం అనుకున్నారు. నాలుగోసారి నిలబడింది. మెల్లిగా తొక్కతాండా. ఒక రాయి దాటినా, రెండో రాయి దాటినా. మూడో రాయి నన్ను దాటింది. ఎగిరిపడ్డ దెబ్బకు రెండు కాళ్ళూ పెడల్ వదిలేసినాయి. పెడల్లు కింద గిరగిరా తిరగతా నా కాలి ఎముకల కోసరం ఎగబడతాండాయి. కాళ్ళు పెట్టుకునేదానికి మిగిలిన చోటు ఒక్కటే, టైరుకు పైన, చక్రాన్ని పట్టుకోనుండే ఫోర్కు భుజాలు. అక్కడ పెట్టి కళ్ళు మూసుకున్నా.

"కోస్టింగ్!" అని ముప్పైమందీ అరిచినారు.

"అమ్మా!" అని నేను అరిచినా.

ఏం జరిగిందో నాకు తెలియదు, వీడియో చూసి చెప్తాండా. ఆ వాలంతా, మొదటి మలుపు గూడా, చేతులు రెండూ చాపుకోని గాల్లో ఈదతా వచ్చేసినా. చేను కాడ మేస్తాండే కోళ్ళు చెదిరినాయి. బావ కుర్చీ ఎత్తుకోని పక్కకు దూకినాడు. చక్రం పోయి పోయి చేను గట్టున పోసిన చెరుకాకు కుప్పలోకి సగం దిగబడి నిలిచింది. నేను సీటు మీదే ఉన్నా, నిటారుగా, పెళ్ళిపీట మీద కూర్చున్నట్టు.

బావ వచ్చి నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినాడు. కాళ్ళు నేలకు ఆనినాయేమో అని వంగి చూసినాడు.

"పడలేదత్తా" అన్నాడు, మనసు ఒప్పక.

"పడితే గదా!" అని అమ్మ ఈలోగా నా తల పట్టుకోని ముద్దు పెట్టుకునింది. "నా బిడ్డ బండి జోలికి ఎవురన్నా రండి చూస్తా!" ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఆ కుప్పలోనే ఏడ్చేసినా.

సెల్వి అక్క రొప్పతా పరిగెత్తి వచ్చింది. "ఎట్ల చేసినావు దామూ? రహస్యం చెప్పు!"

అప్పుడు నిజం చెప్పేసినా, మోపెడ్‌తో సహా. ముప్పైమందీ నేలమీద పడి దొర్లి నవ్వినారు. అంతటితో పోయిందా? పోలేదు. ఇప్పుడు చెన్నై దాకా ఎవురికన్నా పెడల్ జారి, దారి తప్పి, తనకే తెలియకుండా క్షేమంగా చేరితే దాన్ని 'దాము' అంటాండారు. మొన్న కొత్తగా చేరిన ఒకమ్మాయి నా కాడికొచ్చి, "అన్నా, దాము వెయ్యాలంటే ఎన్నేండ్లు ప్రాక్టీసు చెయ్యాల?" అని అడిగింది. నేను గడ్డం నిమురుకోని, "దానికి ప్రాక్టీసు పనికిరాదు తల్లీ, అజ్ఞానం కావాల" అన్నాను.

కాబట్టి నా ముని మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తాండా. చేసి చూడని విద్య పేరు ఈ జన్మలో నా నోట పలకను. ఒక్క 'దాము' తప్ప.