ఎండ ఎటుంటే బడి అటే

మొన్న ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్కన ఒకామె పచ్చజొన్న కంకులు నిప్పుల మీద కాలుస్తోంది. ఆ పొగ ముక్కుకు తగిలిందో లేదో, లారీల హారన్లూ కంపెనీ బస్సుల రొదా నాకు వినిపించడం మానేశాయి. కాలిన కంకిని అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేస్తే మిగిలేది ఊసబియ్యం. డెబ్బై దాటిన మనిషిని, సిగ్గు విడిచి అక్కడే నిలబడి పిడికెళ్ళకు పిడికెళ్ళు తిన్నాను. బస్సు పోతే పోయింది. నాకు సుల్తానా ఆపా గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఒక్క పొగగొట్టం ఉండేది కాదు, అన్నీ జొన్నచేలే. మా ఊరికి బాలవాడి, అంటే చంటిపిల్లల బడి, కొత్తగా వచ్చింది. సర్కారు కిరాయికి తీసుకున్న ఒకే ఒక గది, దానికి సంగారెడ్డి నుంచి వచ్చిన ఒకే ఒక పంతులమ్మ. "ఆపా అను బేటా, అక్క అన్నట్టే" అని ఆమే మాకు నేర్పింది. చలికాలమంతా చీర మీద వాళ్ళ నాయన పాత ఉన్నికోటు తొడుక్కునేది. దాని జేబుల్లో ఎప్పుడూ ఉడికించిన అనపగింజలు ఉండేవి కాబట్టి మేము ఆమెను వదిలేవాళ్ళం కాదు. ఆ గది గచ్చు మీద కాలు పెడితే జివ్వుమనేది. "ఈడ వణుక్కుంట కూసుంటె అఆలు ఏడికెళ్లి వస్తయిరా? ఎండ ఎటుంటే బడి అటే" అని గదికి తాళం వేసి, మమ్మల్ని ఊరి వెనక కళ్ళానికి తోలుకుపోయేది. పగిలిన మా బుగ్గలకు నూనె రాసేది, రేగుగింజలతో లెక్కలు చెప్పేది. నీడ మీదికొస్తే చాపలు ఎత్తుకుని అందరం పాడుకుంటూ ఎండలోకి జరిగేవాళ్ళం. బడి అంటే అంత సుఖంగా ఉంటుందని మళ్ళీ నాకెవరూ చూపించలేదు.

అంత చక్కటి బడిని ముంచబోయింది నేనే. అప్పుడు నాకు ఐదేళ్ళు. నేను అన్నం తినకపోతే మా అమ్మ "టీకాలామెకు పట్టిస్త" అని బెదిరించేది. టీకాలంటే మాకు ఎంత భయమంటే, ఆ పేరు వింటే చాలు, నిద్రలో కూడా జబ్బ దాచుకునేవాళ్ళం. ఒకరోజు పొద్దున ఆలస్యంగా వస్తున్నాను. తాళం వేసిన గది ముందు జీపు ఆగింది. తెల్ల చీర, చేతిలో నల్ల సంచీ. ఇంకేముంది! కళ్ళం దాకా ఒకటే పరుగు. "టీకాలామె వచ్చింది! ఉరుకుండ్రి!" అని అరిచాను. చూస్తుండగానే పద్దెనిమిది మందీ చొప్పకుప్పలో దూరిపోయారు. "అరె, ఏందిరా, ఏమైంది?" అంటూ ఆపా ఒక్కొక్కరినీ కాళ్ళు పట్టి లాగేసరికి పొద్దెక్కింది.

ఆ వచ్చినావిడ బాలవాడిని చూడటానికి వచ్చిన ఆఫీసరమ్మ. తలుపు సందులో చీటీ పెట్టి వెళ్ళింది. గదికి తాళం ఉంది, పిల్లలు ఒక్కరూ లేరు, సోమవారం మళ్ళీ వస్తాను, అప్పుడూ ఇలాగే ఉంటే బాలవాడి ఎత్తేయమని రాస్తాను అని ఉంది అందులో. ఆపా చీటీ చదివి, మడిచి కోటు జేబులో పెట్టుకుంది. మర్నాడు నలుగురే వచ్చారు. మిగిలినవాళ్ళను తల్లులు ఇళ్ళలో దాచేశారు. ఆపా వెళ్ళి ఎంత చెప్పినా "నువ్వు గూడ సర్కారుదానివే గద" అన్నారట. బడి పోతే ఆపా కూడా పోతుందని తెలిసి ఏడుస్తూ కూర్చున్నాను.

ఆపా నా ముందు గొంతుక్కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "లచ్చీ, ఉరికి చెప్పిన మాట నీదే గద. ఇగ నడిచి చెప్పే మాట గూడ నీదే. పా" అంది.

"తిడ్తరు ఆపా."

"తిడితే నేను పక్కనుంట. చెప్పుడు మాత్రం నువ్వే."

మొదటి గడప ముందు ఆపా కోటు వెనక దాక్కున్నాను. ఆపా తొందరపెట్టలేదు, అలాగే నిలబడింది. చివరికి "ఆమె టీకాలామె కాదు, నేనే ఉత్తగ మొత్తుకున్న" అన్నాను. ఆ ఇంటావిడ బుగ్గన వేలేసుకుంది. "ఓసినీ! నీ తాడు తెగ! మా పోరడు రెండు దినాలసంది జొన్నల గుమ్మెనక కూసున్నడు గదనే!" అని పకపకా నవ్వింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నాకు హుషారెక్కింది. ఆమె చానా మంచిదని, మనకు లడ్డూలు తెస్తుందని కూడా కలిపాను. ఆపా నా జడ పట్టి మెల్లగా గుంజింది. "ఉన్నంతే చెప్పు బేటా, జాస్తి వద్దు." సోమవారం చలిపండుగ చేద్దామని, పిల్లలతో రెండేసి జొన్నకంకులు పంపమని మాత్రం ఆమే చెప్పింది. అలాంటి పండుగ ఎక్కడా లేదు, ఆపా అప్పటికప్పుడు పుట్టించింది.

సోమవారం చంకపిల్లలతో సహా అందరూ దిగారు. కళ్ళంలో మంట, మంట చుట్టూ మేము, మూతుల నిండా మసి. అంతలో, ఈసారి ఆపా తలుపు మీద రాసిపెట్టింది చూసి, జీపు అక్కడికే వచ్చింది. ఇద్దరు మెల్లగా చొప్పకుప్ప వైపు జరుగుతున్నారు. ఆపా నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళి ఆఫీసరమ్మను అడిగాను. "నీ సంచిల సూదున్నదా?"

ఆమె తెల్లబోయింది. తరువాత కింద కూర్చుని సంచీ మొత్తం చాప మీద కుమ్మరించింది. రిజిస్టరు, కలం, కళ్ళజోడు, దువ్వెన, సగం తిన్న బత్తాయి. పిల్లలంతా ఈగల్లా ముసిరారు. "ఆ రోజు వీళ్ళను భయపెట్టిందెవరు?" అని ఆమె అడిగింది.

"తప్పు నాదే మేడం. ఏడికి పోతున్నమో తలుపు మీద రాసిపెట్టకపోతి" అంది ఆపా.

"కాదు, నేనే మొత్తుకున్న!" అని నేను అరిచాను.

ఆఫీసరమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మసిచేతులతో మేమే తుడిచేసరికి ముఖం నిండా నల్లచారలు. మూడు కంకులు తిని, ఎండలో బడి బాగుంది, కొనసాగించాలి అని రిజిస్టరులో రాసింది. ఆపా అది రెండుసార్లు చదివి, నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ సంతోషం చెప్పడానికి ఇప్పటికీ నాకు మాటలు చాలవు.

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనే అయ్యాను. ఒకసారి చూచిరాసిందని ఒక పిల్లను తరగతి మొత్తం ముందు నిలబెట్టి కోప్పడ్డాను. సాయంత్రం కాగితాలు మళ్ళీ చూస్తే పొరపాటు నాదని తేలింది. రేపు బడికి వస్తుంది కదా, అప్పుడు చెప్పొచ్చులెండి అన్నారు తోటివాళ్ళు. నాకు కాలు నిలవలేదు. ఆ పిల్ల ఇంటికి నడిచి వెళ్ళాను. గడప ముందే నిలబడి, ఉన్నంతే చెప్పాను. తల్లి చాపేసి కూర్చోమంది. పిల్ల మాత్రం తలుపు పట్టుకునే నిలబడి, "అందరి ముందట గూడ చెప్తవా టీచర్?" అని అడిగింది.

చెప్పాను. మర్నాడు పొద్దున్నే, అందరి ముందూ.