మా లాన్‌కి కొట్టించిన గుండు, వదిలేసిన పిలక

ఏ వస్తువునైనా సరిగ్గా కొలిస్తే చాలు, అది ఇక మన మాట వింటుందని గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీలో నేను చదివింది చరిత్ర, పరిపాలనా శాస్త్రం. లెక్కలు మాత్రం బస్సు టిక్కెట్ల వెనకాల, కిరాణా పొట్లాల మీద సొంతంగా నేర్చుకున్నవి. అందువల్ల లెక్కల విషయంలో పద్ధతిగా చదువుకున్నవాళ్ళకి ఉండే అనుమానం నాకు ఉండేది కాదు. ఇంగ్లండ్ వచ్చాక లండన్ పక్కన హేస్ దగ్గర ఒక గోడౌన్‌లో ఏ సరుకు ఎప్పటికి అయిపోతుందో ముందే చెప్పే ఉద్యోగం దొరికింది. టీ పొడి డబ్బాలు, టాయిలెట్ రోల్స్ నేను చెప్పిన వారానికే అయిపోతుండేవి. (ఒక ఈస్టర్‌కి ఇక్కడివాళ్ళు పంచుకునే చాక్లెట్ గుడ్లు మాత్రం నా మాట వినలేదు. అది గుడ్ల తప్పని ఇప్పటికీ అంటాను.) డబ్బాల దగ్గర పనికొచ్చిన పద్ధతి గడ్డి దగ్గర ఎందుకు పనికిరాదన్న ధీమాతోనే ఆ శరదృతువులో నేను ఒక లాన్ జోలికి పోయాను.

అప్పటికి మాకు పెళ్ళై రెండేళ్ళు. ఒక ఫ్లాట్‌లో తడి గోడలు, ఇంకో ఫ్లాట్‌లో కింద డ్రమ్ములు వాయించే కుర్రాడు, ఇలా అట్టపెట్టెలు మోసుకుంటూ తిరిగి తిరిగి, చివరికి స్లౌ అనే ఊళ్ళో డాక్టర్ అంకుల్ గారి ఇంట్లో అద్దెకు దిగాం. ఆయన నెల్లూరు వైపు మనిషి, రిటైరైన ఫ్యామిలీ డాక్టరు. కూతురికి దగ్గరగా ఉండాలని ఆంటీతో కలిసి కార్డిఫ్ వెళ్ళిపోతూ, ఏడాదికి అగ్రిమెంటు రాసి ఇల్లు మాకిచ్చారు. తాళాలు ఇచ్చేటప్పుడు బాయిలర్ గురించి ఒక్క నిమిషం, లాన్ గురించి దాదాపు గంట మాట్లాడారు. ఇంటి వెనకాల ఉన్న ఆ పచ్చికను ఆయనే మట్టి తవ్వి, రోలర్ తోసి, విత్తనం చల్లి పెంచారట. కూతురు మొదటి అడుగులు వేసింది దానిమీదేనట. మాకంటే ముందున్నవాళ్ళు దానిమీద పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్ పెడితే అగ్రిమెంటు మళ్ళీ రాయలేదట. ఈ చివరి వాక్యం మా ఆవిడకేసి చూస్తూ చెప్పారు.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. "అబ్బయా, గడ్డి ఎట్టుంది?" అన్నదే మొదటి మాట. మేమెలా ఉన్నామన్న ప్రశ్న చివర్లో, ఫోన్ పెట్టేసే ముందు, గుర్తొస్తే వచ్చేది. వేసవంతా బాగానే నెగ్గుకొచ్చాను. సెప్టెంబరు వెళ్ళిపోతుండగా ఆయన కొత్త పాఠం మొదలుపెట్టారు. "బ్లేడు ఎత్తు పెంచు. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు తీసెయ్యి. తడిగా ఉంటే ముట్టుకోబాక. గడ్డి పెరగడం ఆగినప్పుడు కోత ఆపు. అంతే."

"ఆగేది ఏ తేదీకి అంకుల్?" అన్నాను.

"తేదీ ఎట్ట చెప్పేది? దాన్ని చూస్తా ఉంటే నీకే తెలుస్తాది."

చూస్తూ ఉంటే తెలియడమన్నది నా పద్ధతి కాదు. లాన్ సరిగ్గా నడిమధ్యన టేక్‌అవే వాళ్ళు నూడుల్స్‌తో ఇచ్చిన చాప్‌స్టిక్ పుల్ల ఒకటి గుచ్చి, దాని చుట్టూ అరచేతి మేర గడ్డిని కొయ్యకుండా వదిలేశాను. ప్రతి ఆదివారం ఆ గడ్డి ఎంత ఎత్తుకి చేరిందో పుల్లమీద మా ఆవిడ ఎర్ర గోళ్ళరంగుతో గీత పెట్టేవాణ్ణి. గీతకీ గీతకీ మధ్య దూరం వారం వారం తగ్గుతోంది. దాన్నిబట్టి గ్రాఫ్ గీసి ఫ్రిజ్ మీద అంటించాను. నవంబరు రెండో వారానికి ఎదుగుదల సున్నా. గడ్డికి ఆ సంగతి ఇంకా తెలీదు గానీ నాకు తెలుసు.

"ఏమండీ, నా కడుపు ఎంత పెరిగిందో మిడ్‌వైఫ్ టేపుతో కొలుస్తోంది, మీరు గడ్డిని కొలుస్తున్నారు. ఇంట్లో కొలవకుండా మిగిలింది నా ఓపికొక్కటేనండి బాబూ," అనేది మా ఆవిడ. గోదావరి పిల్ల, నవ్వుతూనే అనేది. కానీ అగ్రిమెంటు డిసెంబరుతో అయిపోతుందన్న మాట వస్తే ఆ నవ్వు ఆగిపోయేది. ఆమెకి ఫిబ్రవరిలో పురుడు. హాస్పిటల్ అక్కణ్ణుంచి దగ్గర. "ఈసారి అట్టపెట్టెలు కట్టేది లేదు. పొట్ట వేసుకుని ఇంకో ఇల్లు వెతకలేను. అంకుల్ గారికి ఏం కావాలో అది చేసి ఈ ఇల్లు నిలబెట్టండి," అని ఒకటే మాట. అంకుల్ కార్తీకమాసంలో ఒక ఆదివారం వచ్చి, ఇల్లు చూసుకుని, మమ్మల్ని ఉంచాలో వద్దో చెబుతానన్నారు. ఇల్లంటే ఆయన దృష్టిలో ఏమిటో మాకు తెలుసు.

ఇంతలో నవంబరు మొదట్లో ఎండ కాసింది. గోరువెచ్చని వారం. పుల్లమీద గీత తగ్గాల్సింది పోయి ఎగబాకింది. నా గ్రాఫ్ ప్రకారం అలా జరగకూడదు. ఫ్రిజ్ ముందు నిలబడి తల పట్టుకున్న సమయంలోనే మా గోడౌన్‌లో పనిచేసే వరంగల్ తమ్ముడు వచ్చాడు. మాస్టర్స్ చదువుతూ వారాంతాల్లో మా దగ్గర పని చేసేవాడు. తన జుట్టు తప్ప మరే పంటా చూసుకున్న అనుభవం లేనివాడు.

"అన్నా, గింత పరేషానెందుకే? గుండు గొట్టియ్యి. ఒక్కపారి నున్నగ గొట్టినవనుకో, ఉగాది దాక చూసే పనే లేదు. మా మేనల్లునికి యాదగిరిగుట్టల పుట్టెంటికలు తీపిచ్చినం గాదె, మల్ల ఎంత దట్టంగ వచ్చినయో!"

ఈ మాట విని నవ్వెయ్యాల్సింది. నేను లెక్క వేశాను. ఇప్పుడు బాగా కిందికి కోస్తే, అంకుల్ వచ్చే ఆదివారానికి, ఈ వారం పెరిగిన చొప్పునే పెరిగితే, గడ్డి సరిగ్గా ఆయనకి నచ్చే ఎత్తుకి వచ్చి నిలుస్తుంది. ఆ తర్వాత చలికి ఆగిపోతుంది. ఎంత అందమైన లెక్కో! కాగితం మీద చూస్తే నాకే ముద్దొచ్చింది. గడ్డి కోసే మెషీన్ లివర్‌ని అన్నిటికంటే కింది మెట్టుకి దించి, తమ్ముడు వైరు పట్టుకుని వెనక నడుస్తుంటే, లాన్ ఈ చివర నుంచి ఆ చివరకి గుండు కొట్టేశాను. పుల్ల చుట్టూ ఉన్న కుచ్చును మాత్రం జాగ్రత్తగా వదిలేశాను. ప్రయోగం మధ్యలో ఉంది కదా.

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పిలక కూడా ఉంచారు. ఇంక విభూతి పెట్టేస్తే సరి," అంది.

మర్నాడే చలి వచ్చింది. తెల్లారేసరికి తెల్లగా మంచు పేరుకుంది. రెండు మూడు రోజుల్లో లాన్ గడ్డి రంగు పోయి గోనెసంచి రంగుకొచ్చింది. అక్కడక్కడా మట్టే కనిపిస్తోంది. ఎదుగుదల నేను చెప్పినట్టే సున్నాకి వచ్చింది, కాకపోతే గడ్డి అంటూ ఉన్నప్పుడు కదా ఎదగడం! మధ్యలో ఆ కుచ్చు ఒక్కటే పచ్చగా, నిగనిగలాడుతూ, ఒక పక్కకి వాలి, స్నానం చేసి వచ్చిన పురోహితుడి పిలకలా ఉంది.

అంకుల్ వచ్చే ఆదివారం ముంచుకొచ్చేసింది. గడ్డిని మొలిపించడం ఎలాగూ కుదరదు కాబట్టి దాచడమెలాగా అని ఆలోచించాను. మాసం గుర్తొచ్చింది. కార్తీకం! వనభోజనాలు! ఉసిరి చెట్టు కింద చాపలు పరిచి భోంచెయ్యడం మన ఆచారం. చాపలు పరిస్తే కింద ఏముందో ఎవరు చూస్తారు? స్లౌలో ఉసిరి చెట్టు లేదు గనక, ఉసిరికాయ పచ్చడి జాడీ మధ్యలో పెడితే సరిపోతుందని మా ఆవిడ చెప్పింది. లాన్ వైశాల్యం, ఇంట్లో ఉన్న గుడ్డల వైశాల్యం లెక్క కట్టాను (ఈ ఒక్క లెక్కా ఆ ఏడాది నాకు సరిగ్గా వచ్చింది). చాపలు, దుప్పట్లు, హాలు కర్టెన్లు, తమ్ముడు తన హౌస్‌మేట్స్ దగ్గర పోగుచేసి తెచ్చిన యోగా మ్యాట్లు, అన్నీ అంచు అంచు కలిపి పరిచేశాం. పుల్లని పీకడానికి నాకు మనసొప్పలేదు, ఇంకో వారం గీత పెట్టాల్సి ఉంది. దాని మీద మ్యాట్ గుడారంలా లేచి నిలబడితే, ఆ ఎత్తుకి ఆనించి పచ్చడి జాడీ పెట్టాను.

అంకుల్, ఆంటీ వచ్చారు. పెరట్లోకి అడుగుపెట్టి అంకుల్ నిలబడిపోయారు. నవంబరు చలిలో, ఆకులు రాలిన పక్కింటి ఆపిల్ చెట్టు కింద, రంగురంగుల గుడ్డల మధ్య, పులిహోర గిన్నెలోంచి పొగలు లేస్తున్నాయి. మా నోళ్ళలోంచి కూడా.

"ఏందిది అబ్బయా, వనభోజనాలా!" అన్నారు. ఆయన కళ్ళు మెరిశాయి. "ఈ దేశం వచ్చినాక ఎవురూ పెట్టలా. నా చిన్నప్పుడు తోటల్లోకి పొయ్యేవాళ్ళం." ఆంటీ కోటు మీద శాలువా కప్పుకుంటూ, "పెట్టక ఏం, జూన్‌లో పెడతారు తెలివైనవాళ్ళు," అన్నారు.

పెద్దాయన కదా అని నేను కుర్చీ తెచ్చాను. "వనభోజనానికి కుర్చీనా!" అని కోప్పడి, కోటుతోనే బాసింపట్టు వేసుకుని, వెతుక్కున్నట్టు సరిగ్గా నడిమధ్యన, జాడీ పక్కన కూర్చున్నారు. మా ఆవిడ వడ్డిస్తోంది. తమ్ముడు "మస్తుంది వదినా, మస్తుంది" అని అవసరానికి మించి మాట్లాడుతున్నాడు. గుత్తొంకాయ దాకా గడిచిపోయింది. అప్పుడు ఆయన ఉసిరికాయ పచ్చడి కోసం చెయ్యి చాపారు. జాడీ ఒరిగింది. నిలబెట్టారు. మళ్ళీ ఒరిగింది.

"ఇది నిలబడదేంది? కింద ఏముండాది?"

"భూమి కాస్త ఎత్తుగా ఉందండి అంకుల్," అంది మా ఆవిడ.

"నా లాన్‌లో ఎత్తా? నేను రోలర్ తోసిన లాన్‌లోనా?" అంటూ మ్యాట్ అంచు పట్టుకుని లాగేశారు.

గోనె రంగు గుండు, దానిమీద పచ్చటి పిలక, పిలకలో ఎర్ర గీతల పుల్ల. ఆంటీ ఒక్కరే నిదానంగా పెరుగన్నం కలుపుకుంటున్నారు. మా ఆవిడ గరిటె పట్టుకుని నాకేసి చూసింది. ఆ చూపులో అట్టపెట్టెలన్నీ కనిపించాయి.

"ఇదేందబ్బయా," అన్నారు అంకుల్ చివరికి, "గుండు కొట్టి పిలక పెట్టినావే!"

అబద్ధం చెప్పడానికి టైము లేక నిజమే చెప్పాను. పుల్ల ఎందుకు, గీతలు ఎందుకు, గ్రాఫ్, గోరువెచ్చని వారం, అందమైన లెక్క, అన్నీ. చెబుతున్నకొద్దీ నాకే ఉత్సాహం వచ్చి ఫ్రిజ్ మీది కాగితం కూడా తెచ్చి చూపించాను. ఆయన ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, పుల్లని పైనుంచి కిందికి పరిశీలించారు. "ఈ గీత ఏ వారం?" అన్నారు. చెప్పాను. "ఆ వారం ఇంత పెరిగిందా! అవునులే, వాన పడి ఎండ కాసింది." నేనూ మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఇద్దరం తలలు ఆనేంత దగ్గరగా వంగి ఒక్కో గీతా చదువుతున్నాం. "చూడు, ఇది ఇంకా పెరగతానే ఉండానని చెప్తా ఉంది. కళ్ళెదురుగా చెప్తా ఉంటే ఇనకుండా, కాయితం మాట ఇని గొరిగేసినావు."

"అవునంకుల్."

ఆయన లేచి, ప్యాంటుకంటిన మట్టి దులుపుకుని, మా ఆవిడ వైపు తిరిగారు. "అమ్మాయ్, అగ్రిమెంటు డిసెంబరుతో అయిపోతాది గదా."

"అవునండి," అంది.

"అయిపోతే ఎట్ట? ఇది మళ్ళా మామూలు కావాలంటే మార్చిలో గీరి, విత్తనం చల్లి, నీళ్ళు పెట్టి, వచ్చే శీతాకాలం దాకా కాపలా కాయాల. చెడగొట్టినోడే బాగుచెయ్యాల. ఈ పని అయ్యేదాకా మీరు ఇల్లు ఖాళీ చేసేదానికి లేదు. నేను ఒప్పుకోను."

మా ఆవిడ అక్కడే చాప మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చేసింది. ఆంటీ ఆమె భుజం తట్టి, "సంబరపడబాకమ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ మీరు అద్దెకున్నోళ్ళు. ఇయ్యాల్టినుంచీ పాలేర్లు."

అది నిజమే అయింది. ఫిబ్రవరిలో మాకు పాప పుట్టిందని హాస్పిటల్ నుంచి ఫోన్ చేస్తే, అంకుల్ ఎంతో సంతోషించి, తల్లీబిడ్డల క్షేమం అడిగి, ఊపిరి తీసుకుని, "నాచు పట్టిందా?" అన్నారు. పట్టింది. గీరాను. విత్తనం చల్లాను. పాప, గడ్డి ఒకేసారి పెరిగాయి. ఆదివారం ఆదివారం రెండింటి ఎత్తూ చెప్పేవాణ్ణి. ఆ మరుసటి వసంతంలో మా అమ్మాయి మొదటిసారి ఎవరినీ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది ఆ పచ్చిక మీదే. అంకుల్ ఆ రోజు ఉన్నారు. "చెప్పులు తీసెయ్యండి, చెప్పులు," అన్నారు పిల్లకి అడ్డమొచ్చిన మమ్మల్ని. అది పిల్ల కోసమో గడ్డి కోసమో నేను తేల్చలేకపోయాను.

ఇప్పుడు అంకుల్ లేరు. మాకు అదే ఊళ్ళో చిన్న సొంత ఇల్లుంది, వెనకాల దుప్పటంత పచ్చిక. కోత ఎప్పుడు ఆపాలో తేదీ నాకు ఇప్పటికీ తెలీదు. ఆకులు రాలేటప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి వంగి చూస్తాను. ఒకరోజు ఎందుకో మెషీన్ బయటికి తియ్యబుద్ధి కాదు. శుభ్రంగా తుడిచి షెడ్డులో పెట్టేస్తాను. గ్రాఫ్ గియ్యను. (పుల్ల మాత్రం ఉంది. ఊరికే.)

మా అమ్మాయి ఈ మధ్యే కార్డిఫ్‌లో యూనివర్సిటీలో చేరింది. నలుగురు ఫ్రెండ్స్‌తో ఇల్లు తీసుకుంది. మొన్న ఆదివారం ఫోన్ చెయ్యగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "గడ్డి ఎలా ఉందమ్మా?"

"డాడ్! ఐయామ్ ఫైన్, థాంక్యూ ఫర్ ఆస్కింగ్," అంది. "అండ్ ఇట్స్ ప్లాస్టిక్. ఇక్కడ గడ్డి అంతా ప్లాస్టిక్."

కొయ్యక్కర్లేదు, ఆపక్కర్లేదు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తోంది. ఇక ఫోన్ పెట్టేద్దామనుకున్నాను గానీ, ఉండబట్టలేక అడిగాను.

"ఎంత ఎత్తుందేంటి?"

అవతల ఏదో సొరుగు లాగిన చప్పుడు.

"వెయిట్, డాడ్," అంది మా అమ్మాయి. "స్కేల్ తెస్తా."