వడదం దారిలో మల్లేశం బావకు పట్టిన నిద్ర

మా మల్లేశం బావ ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు పెళ్లల మీద ఆకుల అచ్చులు ఎన్నోసార్లు చూశాడట. సిరొంచ దగ్గర వడదంలో చెట్లకు చెట్లే రాళ్లయి పడున్నాయని, రాక్షసబల్లుల ఎముకలు కూడా దొరికాయని విన్న రోజు నుంచి "పోదాం పా" అని నా ప్రాణం తోడేశాడు. నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ని. రాళ్లు చూడ్డానికి బస్సు కిరాయి దండగని ఎద్దేవా చేశాను. మా అక్క మాత్రం, "ఆయనకు షుగరున్నది, నువ్వు తోడు పోతెనే పంపిస్త" అంది. సరే, పోయాను.

మంచిర్యాలలో పొద్దున ఆరింటి బస్సెక్కితే చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటి ఎనిమిదిన్నరకల్లా సిరొంచలో దిగాం. వంతెన దాటగానే బోర్డులు మరాఠీలోకి మారతాయి గానీ, టీకొట్టు దగ్గర తిట్లు మన తెలుగులోనే వినిపిస్తాయి కాబట్టి బెంగ అక్కర్లేదు. బావ దారంతా తుమ్ముతూనే ఉన్నాడు. ప్లేటు ఇరవై రూపాయల అటుకుల ఉప్మా తిని, కాళ్ల తిమ్మిర్లకు డాక్టరు రాసిచ్చిన నరాల గోళీ నా ఎదుటే వేసుకున్నాడు. జలుబుకు ఏదైనా పట్టుకొస్తానని నేను మందుల షాపుకు వెళ్లాను.

"జలుబుకు, దగ్గుకు జబర్దస్త్ మందియ్యి తమ్మీ."

"ఎవరికి, అన్నా? వేరే గోళీలేమన్న ఏసుకుంటున్నడా?"

"ఆఁ, మూడు పూటల మా అక్క తిట్లు ఏసుకుంటడు. తిన్నంక."

అతను కౌంటర్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. గోళీలు, ఒక సిరప్పు సీసా ఇస్తూ, "నిద్రొస్తది మల్ల, బండి నడపనియ్యకు" అన్నాడు. నా జోకు పేలినందుకు ఛాతీ ఉబ్బించుకుని వచ్చేశాను. బావ గోళీ మింగి, సిరప్పును మూతతో కొలిచే ఓపిక లేక రెండు గుక్కలు తాగేశాడు.

ఆటో నడిపే సమ్మయ్య రానుపోను ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. వడదం సుమారు ఇరవై కిలోమీటర్లు, గుంతల దయవల్ల గంట పడుతుంది. నీళ్లు, తినడానికేమైనా సిరొంచలోనే కొనుక్కుని వెళ్లండి. అక్కడ రాయైపోయిన మానును బావ చేత్తో నిమురుతూ, "బామ్మర్ది, గీ చెట్టు పచ్చగున్నప్పుడు మనమేడున్నమో" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. నడక కూడా తూలుతోంది. నేనేం చేశాను? ఆయన వెనకే తూలుతూ నడిచి సమ్మయ్యను నవ్వించాను.

పదకొండున్నరకు తిరుగుప్రయాణం. ఆటో కదిలీ కదలకముందే బావ నోరు తెరిచి పడుకున్నాడు. నిద్రపోయే మనిషిని వదిలే అలవాటు నాకు లేదు. ఆటో ఎక్కేముందు తెంపుకున్న గడ్డిపోచ ఆయన ముక్కులో పెట్టాను. ఈగ వాలినా చెంప మీద కొట్టుకునే మనిషి, కదల్లేదు. ఇంకొంచెం లోపలికి పెట్టాను. ఊహూఁ. భుజం పట్టి ఊపితే తల అటు వాలిపోయింది. ఛాతీ చూశాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చాలాసేపు పడుతోంది. పెదాల రంగు మారింది.

"సమ్మన్నా, బావ లేస్తలేడే! దవాఖానకు ఉరికియ్యి!"

"పొద్దటి నుంచి చూస్తున్న నీ నాటకాలు. ఇద్దరు కలిసి నన్ను ఆగం జేస్తున్నరా?"

"మా అక్క మీద ఒట్టు!"

అతను అద్దంలో నా ముఖం చూశాడు. గంట దారిని నలభై నిమిషాల్లో లాగేశాడు. సిరొంచ సర్కారు దవాఖానలో నర్సమ్మ ముందు షుగర్ చూసింది. బాగానే ఉంది. డాక్టరమ్మ బావను పక్కకు తిప్పి పడుకోబెట్టించి ఆక్సిజన్ పెట్టించింది. నేను బావ జేబులోవీ నా సంచిలోవీ మందులన్నీ బల్ల మీద కుమ్మరించాను.

నర్సమ్మ ఒక్కొక్కటే తిప్పి చూసింది. "గీ నరాల గోళీ మత్తిస్తది. జలుబు గోళీ మత్తిస్తది. సిరప్పుల గూడ మత్తు మందే ఉన్నది. అన్ని ఒక్కసారి పడితె మనిషి ఊపిరే మందమైతది. షాపుల అడగలేదా?"

"అడిగిండమ్మా."

"నువ్వేమన్నవ్?"

చెప్పాను. ఆమె నవ్వలేదు.

ఒంటిగంటకు అక్క ఫోన్ చేసింది. బావ దవాఖానలో ఉన్నాడంటే, "నీ ఏషాలు నాకు కొత్తనా? రాళ్లు చూసి జల్ది రాండ్రి" అని నవ్వుకుంటూ పెట్టేసింది. నేను తిరిగి చేయలేదు. ఆయన ఛాతీ లేచి దిగడం లెక్కపెడుతూ కూర్చున్నాను. మూడు దాటాక ఊపిరి కాస్త కుదుటపడింది. నాలుగున్నరకు బావ కళ్లు తెరిచి, ముక్కు రుద్దుకుని, "ముక్కుల ఏం పెట్టినవ్‌రా గాడిదీ?" అన్నాడు. అంత తియ్యటి తిట్టు నేను ఇంతకుముందు తినలేదు. నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. డాక్టరమ్మ ఆ రాత్రికి ఉంచుకుని, నరాల గోళీని సొంతంగా ఆపొద్దని, రాసిన డాక్టరునే కలవమని చెప్పి మర్నాడు పంపింది.

వాపసు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని ప్రాణహిత నీళ్లు చూస్తూ వచ్చాడు. నేను నీళ్లు చూడలేదు, ఆయన్నే చూశాను. యాభై దాటాక అర్థమైంది, మనిషి పక్కన కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకోవడమే పెద్ద సంగతని. వడదం తప్పక వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి. రోజూ మందులేసుకునే వాళ్లు తోడుంటే ఒక పని చేయండి: వాళ్ల గోళీల పట్టీలన్నీ ఒక కవర్లో పెట్టి దగ్గరుంచుకోండి. దారిలో జలుబు గోళీ ఒక్కటి కొన్నా సరే, ముందు ఆ కవరు షాపతని ముందు పెట్టి, "ఇవి వేసుకునే మనిషికి ఇది ఇవ్వొచ్చా?" అని అడిగాకే కొనండి.