కోరోతిమి బండికి అడ్డం పడుకున్న మోసీ

కోరోతిమి పారే ఇరవై నాలుగేళ్లు తూగాన్ ఆసుపత్రి మోటారుసైకిల్ మీద టీకాల ఐసుపెట్టె కట్టుకుని ఊళ్లు తిరిగింది. వానాకాలం బురదలో, ఎడారిగాలి దుమ్ములో, ఒక్కతే. మొగుడు పోయినప్పుడు విధవ ఇల్లు కదలకూడని నాలుగు నెలల పది రోజుల గడువు తీరిన మర్నాడే బండెక్కిందని అత్తింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉద్యోగం అయిపోయాక ఆసుపత్రి ఆ పాత బండిని వేలం వేస్తే తనే పాడుకుంది. అన్నేళ్లు తిరిగినా ఆ బండి జిల్లా పొలిమేర దాటలేదు. ఇప్పుడు పక్కదేశం టోగోలో లోమే దాకా, సముద్రం కనబడేదాకా వెళ్తానంది.

బావగారు లాసినా జెర్బో ఇంటి పెద్దలని కూర్చోబెట్టాడు. ఒంటరి ఆడది దేశం దాటడమేమిటి, బస్సుంది, తోడు ఎవరినైనా పంపుతాను అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో తోడు సంగతి ఒక్కసారీ గుర్తు రాలేదేం అని ఆమె అడిగింది. అప్పుడది సర్కారు పని అన్నాడాయన. ఇప్పుడిది నా పని అంది.

వారం రోజులు చెప్పి చూసి, లాసినా ఇంకో దారి పట్టాడు.

శుక్రవారం పొద్దున ఆమె బండి స్టార్ట్ చేసి వాకిట్లోంచి బయటికి తెచ్చేసరికి, సందు మొగలో మెకానిక్ రస్మానే తప్సోబా అడ్డంగా పడుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ బండి బాగుచేసేది అతనే. అతను మోసీ, ఆమె సామో. తాతల నాటి నుంచి ఆ రెండు జాతులకీ పరాచికాల చుట్టరికం. సామోలని కుక్కలు తినేవాళ్లనీ, మోసీలని గాడిదలనీ ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. ఒకళ్లు నేలమీద పడి అడిగితే రెండోవాళ్లు కాదనకూడదు. కాదన్నవాళ్ల చావుకి కూడా ఎవరూ రారు.

"ఏమే, కుక్కతలకాయలు తినేదానా, ఎక్కడికి?"

"లోమేకి. గాడిదలు పడుకునేది సంతలో గానీ సందులో కాదు. లే."

"లేవను. నా పొట్టమీంచి పోనియ్యి. లేదంటే వెనక్కి తిప్పు. అడుగుతున్నాను, కోరోతిమీ. వెళ్లొద్దు."

అంతవరకూ చుట్టూ చేరి నవ్వుతున్న జనం ఆ చివరి మాటకి ఆమె వైపు తిరిగారు. గుమ్మంలో నిలబడి లాసినా నిమ్మళంగా వక్క నమిలినట్టు కోలాకాయ నములుతున్నాడు.

ఆమె ఇంజను ఆపింది. స్టాండు వేసి, రస్మానే తల దగ్గర గొంతుక్కూర్చుంది.

"సరే. ఇప్పుడు నేనూ నేలమీదే ఉన్నాను. నేనూ అడుగుతాను, నువ్వూ కాదనకూడదు. నిన్నెవరు పంపారు? ఎందుకు? అందరికీ వినబడేలా చెప్పు."

రస్మానే పడుకున్నచోటి నుంచే చెప్పాడు. నిన్న లాసినా రెండు గినీకోళ్లు తెచ్చిచ్చాడు. లోమే దాకా పోతే ఈ బండికి ఇంజను మిగలదట. పశువుల సంతకి తిరగడానికి ఆయనకి కావాలట.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాసినా నమలడం ఆగిపోయింది.

కోరోతిమి లేచింది. "అయితే ఇది నువ్వడిగింది కాదు. మా బావగారు అడిగింది. ఆయన మాట నేను వారం నుంచీ కాదంటూనే ఉన్నాను."

ఈ సందు దాటితే మళ్లీ వాకిట్లో అడుగుపెట్టనివ్వనన్నాడు లాసినా.

"నా గది తాళం నా దగ్గరే ఉంది, బావగారూ. పగలగొడితే పగలగొట్టండి. వచ్చాక ఇంకోటి వేసుకుంటాను."

రస్మానే లేచాడు. వీపు దులుపుకోకుండానే వంగి, రెండు వేళ్లతో చెయిన్ పట్టి చూశాడు.

"వదులుగా ఉంది. కుక్కలు తినేవాళ్లకి ఇవి ఎప్పుడు తెలుస్తాయి."

"గాడిద బిగించిన చెయిన్ మరెలా ఉంటుంది?"

అతను పానా తెచ్చి బిగించాడు. లాసినా వైపు చూడలేదు. ఆమె కిక్కు కొట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం టోగో సరిహద్దు చెక్‌పోస్టులో అధికారి పాస్‌పోర్టు తిరగేసి, వెంట ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరంది. అతను మెడ సాచి ఆమె వెనకాల రోడ్డంతా చూశాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పింది. అతను రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు.

ఏం రాశావో చదివి వినిపించమంది.

"ఒక్కతే," అని చదివాడతను.

ఆమె పాస్‌పోర్టు తీసుకుని బండి దగ్గరికి నడిచింది.