ఆమె విప్పేసిన వేపమండలు

ఈ నెల మొదట్లో నా భార్య చనిపోయింది. ఆ ఉదయం ఉప్మా చేసింది. వాగు అవతలి ఊళ్ళలో జ్వరాలు మొదలయ్యాయని ఎవరో ఫోన్ చేస్తే నిలబడే మాట్లాడింది. “లైబ్రరీ మాత్రం మూయను” అంది. మధ్యాహ్నానికి ఛాతీలో నొప్పన్నది. ఆటో భద్రాచలం దవాఖానా చేరేలోపే నా భుజం మీద తల వాల్చింది. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆమె మా ఊరి గ్రంథాలయం చూసుకునేది. కరోనాలో అది నెలల తరబడి మూతపడింది. టీకా సూది వేయించుకుంటే చస్తారన్న పుకారు అప్పుడే ఊళ్ళలో తిరిగింది. కాదని చెప్పడానికి నలుగురు చేరే చోటే లేదు. ఆ బాధ ఆమెను వదల్లేదు. మళ్ళీ తలుపు తీసిన రోజు నుంచే రాబోయే రోగానికి సిద్ధం కావడం మొదలుపెట్టింది. బీరువాలు జరిపించి, వాటి వెనక మూసుకుపోయిన కిటికీలు తెరిచింది. బెంచీలు అరుగు మీదికి మార్చింది. ఆశా కార్యకర్తను పిలిచి కోయ భాషలోనూ తెలుగులోనూ జాగ్రత్తలు చెప్పించేది. “రోగం వచ్చినంక చేసేది తయారీ కాదు, ఉరుకులాట” అనేది.

ఒక వేసవిలో పిల్లలకు తట్టు సోకింది. లోపల గుంపు కాకుండా కిటికీ దగ్గరే పుస్తకాలు ఇద్దామనుకుంది. అందరికీ తెలిసిన గుర్తు కదా అని గుమ్మానికి వేపమండలు కట్టింది. ఒక్కరూ రాలేదు. చివరికి ఇప్పపువ్వు గంపతో పోతున్న ముసలమ్మ రోడ్డు మీదే ఆగింది.

“లోపల ఎవలకు పోసిందే బిడ్డా, అమ్మవారు?”

“ఎవ్వరికీ లేదవ్వా. లోపలికి రావద్దని కట్టిన.”

“ఓయమ్మ! పుస్తకాలకు గూడ అమ్మవారు పోసిందని ఊరంత అనుకుంటుండ్రు. గందుకే ఈ బాట పడ్తలేం.”

“మరేం కట్టాలె?”

“ఏం కట్టకు. నువ్వే అరుగు మీద కూసో. నువ్వు కనబడితే వస్తం.”

పక్కనే ఉన్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. “నవ్వకండి. వాళ్ళను అడక్కుండా కట్టిన” అంటూ మండలు తనే విప్పేసింది. ఆ సాయంత్రమే కుర్చీ అరుగు మీద వేసుకుంది. తరవాత ఏ ఏర్పాటు చేసినా ముందు ఊరివాళ్ళను అడిగేది.

ఇప్పుడు ఆ జ్వరాలు మా ఊరికీ వచ్చాయి. కొత్తవారు వచ్చేదాకా గ్రంథాలయం మూసే ఉంటుందట. నిన్న వాగు అవతలి నుంచి ఒక తల్లి చంకలో బిడ్డతో వచ్చింది. తాళం చూసి, ఖాళీ అరుగు చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

రేపు ఉదయం మొదటి బస్సుకు జిల్లా ఆఫీసుకు వెళ్తాను. కొత్తవారు వచ్చేదాకా ఆ అరుగు మీద నన్ను కూర్చోనివ్వమని అడుగుతాను.