చిన్నాయన సైకిలు, నా మజ్జిగ

మజ్జిగలో కొత్తిమీర వాసన తగిలితే నాకు చిన్నాయన సైకిలు గుర్తొస్తుంది.

నారాయణఖేడ్‌లో మా బడికి రేకుల కప్పు వేయించడానికి, పొద్దుగూకేదాకా కాలు కింద పెట్టకుండా బడి మైదానం చుట్టూ సైకిలు తొక్కుతానన్నాడు చిన్నాయన. కాలు ఆనితే ఆట ముగిసినట్టే, చందాలు వెనక్కే. మజ్జిగ అందించే పని నాది. చెంబుతో పరుగెత్తినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అవి నాకేననుకొని ప్రతి చుట్టుకూ అందించాను.

"వద్దురా, ఇగ చాలు!"

"తాగు చిన్నాయనా, గొంతు ఎండుతది."

మధ్యాహ్నం దాటాక చిన్నాయన ఉన్నట్టుండి సైకిలుతో సహా పక్కనున్న జొన్నచేలోకి దూసుకుపోయాడు. జనం వెంటపడబోతే పెద్దసారు చేతులు అడ్డం పెట్టాడు.

"ఎవ్వరు పోవద్దు! గది గూడ ఆటనే!"

కాసేపటికి చిన్నాయన హాయిగా తొక్కుకుంటూ తిరిగొచ్చాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనొక్కణ్ణే గట్టిగా అడిగాను.

"చిన్నాయనా, కాలు కింద పెట్టినవా?"

జనం చూపులన్నీ చిన్నాయన కాళ్ల మీదికి పోయాయి. నాయనమ్మ వచ్చి నా చెవి మెలిపెట్టింది.

"గాయన కాలు సంగతి నీకెందుకురా? ముందుగాల నువ్వు చెంబు కింద పెట్టు!"

జనం గొల్లుమన్నారు. నవ్వుతూనే మళ్లీ చిల్లర వేశారు. వానల్లోపే కప్పు పడింది.

ఇప్పటికీ ఎవరికైనా సాయం చేయబోతే, చప్పట్ల కోసమేనా అని ఒక్క క్షణం ఆగుతాను. ప్రతిసారీ ఆగుతానని మాత్రం చెప్పలేను.